పట్టాభిషేకం లేని కథ

తన తండ్రి కథ చెప్పమని డాక్టరమ్మ కోరినప్పుడు కంబన్న అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే.

“పట్టాభిషేకం యాడ వస్తాది తల్లీ?”

“రాదు” అన్నది డాక్టరమ్మ.

తెగిన తంబురా తీగను ముడివేస్తున్న కంబన్న చేయి ఆగిపోయింది. ఆసుపత్రి వరండాకు కట్టిన వట్టివేళ్ల తడికలు, తడపడానికి నీళ్లు లేక, గాలికి గరగరలాడుతున్నాయి. గుండ్లకొట్టాలలో వాన ముఖం చూసి మూడో ఏడు నడుస్తున్నది. కర్నూలు నుంచి ఎడ్లబండి మీద ఒక పగటి ప్రయాణంలో ఉన్న ఆ ఊరిలో, అమెరికా మిషను వాళ్లు కట్టిన ఆ చిన్న ఆసుపత్రి ఒక్కటే సున్నం తెలుపు. మిగిలినదంతా రాయి, మన్ను, ధూళి.

“రాకుంటే కథ ఎట్ల ముగుస్తాది తల్లీ?”

“ఓడిపోవడంతో ముగుస్తుంది. తర్వాత చనిపోవడంతో.”

ముప్పై ఏళ్లుగా ఈ గడ్డ మీద ఉండి ఆమె తెలుగు నేర్చుకున్నది. మాటలు పుస్తకంలో మాటల్లా ఉంటాయి గాని, వాటి వెనుక అలసట మాత్రం ఈ ఊరి అలసటే. ఇప్పుడు ఆమె చేతులు వణుకుతున్నాయి. వణికే చేతులతో కత్తి పట్టకూడదని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. వచ్చే వారం కర్నూలు వెళ్లి రైలెక్కుతుంది, మళ్లీ రాదు.

కంబన్న మీసం మొలవక ముందు నుంచీ కథలు చెబుతున్నాడు. ఒంటిమిట్ట తిరునాళ్లలో, తుంగభద్ర ఇసుకలో, కడప సంతల్లో, అతడు గజ్జె కట్టని చోటు లేదు. ఏ కథలోనైనా నాయకుడు అడవులు పట్టవచ్చు, ఆలికి దూరం కావచ్చు, అన్నదమ్ముల చేత అవమానపడవచ్చు. చివరకు మాత్రం పట్టం కట్టుకోవలసిందే. అందుకోసం కథ మొదలుకాక ముందే ఊరి పెద్ద ఇంటి నుంచి పసుపు పూసిన పీట ఒకటి తెచ్చి కథకుని ముందు వేస్తారు. కథ నడిచినంతసేపు అది ఖాళీగా ఉంటుంది. ఆఖరున దాని మీద టెంకాయ నిలిపి, నాయకుని పేరెత్తి, అందరూ అక్షింతలు చల్లుతారు. అప్పుడే కథకుడు గజ్జెలు విప్పుతాడు, అప్పుడే విన్నవాళ్లు లేస్తారు. అంతకు ముందు లేచినవాడి ఇంటికి కీడని నమ్మకం. వాన కోసం చెప్పించిన కథైతే, దారిలో ఉన్న మబ్బు వెనుదిరిగిపోతుందని ఇంకా పెద్ద నమ్మకం.

“కొంచెం కలుపుకుంటానమ్మా” అన్నాడు కంబన్న బతిమాలుతున్నట్టుగా. “కథకు ఉప్పుండల్ల గదా.”

“వద్దు కంబన్నా. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మా దేశంలో గెలిచినవాళ్లకు రాతి బొమ్మలున్నాయి. మా నాన్నకు లేదు. మా అన్నకొడుకులు ఆయన పేరెత్తడానికే సిగ్గుపడతారు. ఎక్కడో ఒకచోట, ఒక్కసారైనా, ఆయన ఓడిపోయాడన్న మాట తల ఎత్తి చెప్పడం నేను వినాలి.”

కంబన్న వరండా చివరకు చూశాడు. అక్కడ అతని భార్య ఈరక్క గోడకు ఆనుకొని తన గుమ్మెట చర్మానికి నూనె రాస్తున్నది. ఉగాదికి ముందు ఆమె కడుపులో గడ్డ పెరిగి, కూడు దిగక, ఒక్క పిడికెడు ఎముకలై ఈ వరండాలోనే పడుకున్నది. ఈ వణికే చేతులే ఆ గడ్డను కోసి తీశాయి. ఆ రోజు కంబన్న డాక్టరమ్మ కాళ్ల దగ్గర తంబురా పెట్టి, “నా తావ ఉండేది కథొకటే తల్లీ, ఎప్పుడు అడిగినా చెప్తా” అన్నాడు. ఆమె అప్పుడు ఏమీ అడగలేదు. ఇప్పుడు అడిగింది.

అతడు తంబురా బుర్ర మీద అరచేయి ఆనించాడు. వాళ్ల కులంలో ప్రమాణం చేయడం అంటే అదే.

“ఉన్నది ఉన్నట్టే చెప్తా” అన్నాడు.

ఆ తరువాతి మధ్యాహ్నాలన్నీ ఆమె చెప్పింది, అతడు విన్నాడు. ఆమె తండ్రి పేరు వార్డెన్, అది పాటలో ఇమడలేదు. వరదప్ప దొర అన్నాడు. ఆమె నవ్వి సరేనన్నది. ఒకప్పుడు బానిసగా ఉన్న శామ్యూల్ పేరును శామన్న చేశాడు. అదీ సరేనన్నది. యుద్ధం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పేచీ పడింది.

“ఏనుగులు ఎన్నమ్మా?”

“ఏనుగులు లేవు.”

“ఒక్కటన్నా?”

“గుర్రం ఉంది కంబన్నా. అది కూడా నది దాటుతుండగా చచ్చిపోయింది.”

“ఒక్క ఏనుగు పెట్టుకోనీ తల్లీ. ఈ ఊరోళ్లు ఏనుగు లేని యుద్ధాన్ని యుద్ధమనుకోరు.”

ఆమె తల అడ్డంగా ఊపింది. పక్కన మందు సీసాలు కడుగుతున్న కాంపౌండరు జ్ఞానరాజు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయాడు.

*

ఊరి పెద్ద రామలింగప్ప పొదుపరి. డాక్టరమ్మకు వీడ్కోలుగా కథ జరుగుతున్నదని తెలియగానే అతని బుర్రలో ఒక లెక్క తిరిగింది. వానకు కూడా ఒక కథ చెప్పించాలని ఊరంతా నెల నుంచి నసుగుతున్నది. రెండు పందిళ్లు ఎందుకు, రెండు టెంకాయలు ఎందుకు?

పీట కోసం వెళ్లిన కంబన్నను అరుగు మీద కూర్చోబెట్టి ఆ మాటే చెప్పాడు.

“వాన కథ ఒగటి, దొరసాని కథ ఒగటి ఎందుకప్పా? రెండూ ఒక్క దెబ్బకు కానీ. పీట నాది, జొన్నదంటు పందిరి నాది. నువ్వు నోరు తెస్తే సాలు.”

“అప్పా, ఆ కథకు పట్టం లేదు” అన్నాడు కంబన్న.

రామలింగప్ప ఆకువక్క నములుతున్నవాడు నమలడం ఆపాడు. “లేకపోయేదేంది?”

“ఆయప్ప ఓడిపోయినాడంట. ఓడిపోయే సచ్చిపోయినాడంట.”

“అయితే కట్టు. కట్టే నోరు నీదే గదా, ఆయప్పదా?” అని రామలింగప్ప నవ్వాడు. “సచ్చినోడు వచ్చి నాకొద్దని అంటాడా? ఆయమ్మ మటుకు వద్దంటాదా, నాయనకు కిరీటం పెడితే?”

“వద్దనే అనింది. నేను మాటిచ్చినా.”

రామలింగప్ప ముఖంలో నవ్వు అలాగే ఉన్నది, కళ్లలో మాత్రం లేదు.

“కంబన్నా, మంచిమాటగా చెప్తాండా ఇను. ఇది వాన కథ. ఊరు ఊరే కూసుంటాది. పట్టం కట్టకుండా నువ్వు గజ్జె విప్పితే, ఈ ఊరు కాదు, ఈ వంక పొడుగునా ఏ ఊరూ నిన్ను పిలవదు. నేను ఒక్క మాట అంటే సాలు. ముసిలితనంలో ఏం తింటారు, నువ్వూ నీ ఆడదీ? ఆలోచన చేసుకో.”

కంబన్న పీటను తలమీద పెట్టుకొని నడిచాడు. పీట బరువైనది కాదు. అయినా దారిలో రెండు చోట్ల దించుకున్నాడు. ఎండకు వంక ఒడ్డు నెర్రెలిచ్చి ఉన్నది. కాళ్లకు తగిలే గులకరాళ్లు పెనం మీద పేలాల్లా కాలుతున్నాయి. గజ్జె కట్టిన ఏళ్లన్నీ ఒకేసారి మోకాళ్లలోకి దిగివచ్చినట్టు అనిపించింది. కథ చెప్పడం కన్న కథ చెప్పకుండా ఉండడమే ఇప్పుడు అతనికి ఇష్టమైన పని. అయినా ఆ వంక పొడుగునా ఉన్న ఊళ్లే అతని చేను. ఆ చేనుకు కంచె వేసే మనిషి రామలింగప్ప.

ఈరక్క సంగతంతా విన్నది. చివరకు, “నువ్వు ఏం చెప్పినా ఊఁ కొట్టేదే గదా నా పని. యాడ ముగిస్తే ఆడ ఊఁ అంటా” అన్నది.

“ఏం చేయమంటావు మరి?”

“నా కడుపును అడిగితే ఒగటి చెప్తాది. నా కడుపులో కుట్లను అడిగితే ఇంగొగటి చెప్తాది. నన్ను అడగద్దు.”

*

కథ పగటిపూట పెట్టారు. సందె దాటితే రోగులకు నిద్ర ఉండదని డాక్టరమ్మ చెప్పింది. ఆసుపత్రి ముందరి బయలులో జొన్నదంటు పందిరి నీడ గళ్లుగళ్లుగా పడింది. పందిరి కింద రామలింగప్ప, అతని వెనుక రైతులు చాపల మీద కూర్చున్నారు. వరండాలో డాక్టరమ్మ కుర్చీ, ఆమె పక్కన నర్సు కృపమణి, మెట్ల మీద ఊరి ఆడవాళ్లు. పందిరికి చాలా దూరంగా, రాతిగోడ వెంబడి, ఎండలోనే, ఊరి బయటి మాదిగ గేరి జనం కూర్చున్నారు. వాళ్లలో ముందు పుల్లన్న. ఈరక్క గుమ్మెటకు చర్మం బిగించేది ఆ పుల్లన్నే. ఆ గుమ్మెట పందిరి కిందికి వస్తుంది గాని పుల్లన్న రాడు. అది ఎవరూ పెట్టిన నియమం కాదన్నట్టుగా, అందరికీ తెలిసిన నియమం.

కంబన్న గజ్జె కట్టాడు. పీట ముందు వంగి మొక్కాడు. ఈరక్క గుమ్మెట మీద రెండు దెబ్బలు వేసింది. కంబన్న ఒక గుక్కెడు నీళ్లు తాగి ఎత్తుకున్నాడు.

*చేను రాళ్లది, చేయి గట్టిది,*
*చిన్నవాడు వరదన్న, నాయనా.*
*రాయి తీసిన చోట మొలిచెను*
*రాత నేర్చిన మొలక, నాయనా.*

“ఊఁ” అన్నది ఈరక్క. “ఊఁ” అన్నారు పందిరి కింద.

ఊఁ కొట్టడం వినేవాళ్ల వంతు. కథకుడు ఒక మెట్టు చెబుతాడు, విన్నవాళ్లు ఊఁ అంటారు, ఆ ఊఁ మీద కాలు మోపి అతడు తరువాతి మెట్టు ఎక్కుతాడు. ఊఁ లేకపోతే కథకు నేల ఉండదు.

రాళ్లు ఏరితే తప్ప నాగలి దిగని చేను అనగానే పందిరి కింద అందరికీ అది తమ చేనే అయింది. వరదప్ప దొర పగలు పొలం పని చేసి, పనివేళ దాటాక ఒక ప్లీడరు దగ్గర చట్టం చదువుకొన్నాడంటే తలలు ఊగాయి. అంతలో ఆ దేశంలో అన్నదమ్ములు రెండుగా చీలిపోయి యుద్ధం వచ్చింది. మంచు కరిగే నది, ఆవలి ఒడ్డున తుపాకులు, నడుము లోతు నీళ్లలో గుర్రం. ఈరక్క గుమ్మెట గుర్రపు డెక్కలైంది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకొన్నారు.

“ఏనుగులు రాలేదే ఇంకా” అన్నాడు రామలింగప్ప పక్కవాడితో, అందరికీ వినబడేలాగ.

“ఏనుగులు లేవప్పా” అన్నాడు కంబన్న పాట ఆపకుండానే. “పెట్టుకుంటానంటే ఆయమ్మ ఒప్పుకోల్యా.”

పందిరంతా నవ్వింది. వరండాలో డాక్టరమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు మీద కథ నది దాటింది. గుర్రం మునిగిపోయింది. మోకాలిలో గుండు దిగబడి దొర కుంటివాడయ్యాడు.

*గుర్రమొక్కటి నదికి పోయెను,*
*కుంటి కాలొకటి మిగిలె, నాయనా.*
*కత్తి ఒరలో తుప్పు పట్టెను,*
*గొంతు ఒక్కటి మిగిలె, నాయనా.*

“ఊఁ” అన్నాడు రామలింగప్ప మనసారా. “యుద్ధం ఎందుకొచ్చిందో చెప్పకపోతివే?”

అక్కడికే రావలసి ఉన్నది. కంబన్న చెమట తుడుచుకొన్నాడు. ఆ ప్రశ్న రాకపోతే దాన్ని పక్కనుంచి దాటిపోవచ్చునేమోనని అతని అలసట లోలోపల ఆశపడుతూనే ఉన్నది.

“ఆ దేశంలో మనుషులను కొని పెట్టుకునేవాళ్లప్పా” అన్నాడు పాట దించి, మాటగా. “మన సంతలో ఎద్దు పళ్లు చూసినట్ల నోరు తెరిచి చూసి కొనేవాళ్లు. తల్లిని ఒక ఊరికి, బిడ్డను ఒక ఊరికి అమ్మేవాళ్లు. వాళ్లు తాకిన నీళ్లు వీళ్లు తాగరు, వాళ్లు వండిన కూడు మటుకు తింటారు. అది తప్పని సగం దేశం, తప్పు లేదని సగం దేశం. అందుకొచ్చింది యుద్ధం.”

పందిరి కింద ఊఁ రాలేదు.

ఈరక్క ఒక్కతే అన్నది. ఆమె ఊఁ ఆ నిశ్శబ్దంలో చిన్న రాయి బావిలో పడినట్టు వినిపించింది. కంబన్న తరువాతి మెట్టు కోసం కాలెత్తి, మోపడానికి నేల లేక నిలిచిపోయాడు. రామలింగప్ప పందిరి దంటులను చూస్తున్నాడు. వెనుక రైతులు రామలింగప్పను చూస్తున్నారు.

అప్పుడు రాతిగోడ నుంచి ఊఁ వచ్చింది.

అది పుల్లన్న గొంతు. వెంటనే మరి కొన్ని గొంతులు కలిశాయి. ఎండలో కూర్చున్నవాళ్లు ఎప్పుడూ లోగొంతుకతోనే ఊఁ అంటారు. అది వాళ్లకు తప్ప ఇంకొకరికి వినిపించదు. ఈసారి వినిపించింది. కంబన్న తల తిప్పకుండానే ఆ ఊఁ మీద కాలు మోపాడు.

మెట్ల దగ్గర నిలబడి ఉన్న జ్ఞానరాజు, దేన్నో మరిచిపోయినవాడిలాగా లోపలికి వెళ్లబోయి, వెళ్లలేక, అక్కడే చతికిలబడ్డాడు. అతని తల్లి పుట్టిల్లు ఆ గేరిలోనే.

*

ఆ పైన కథంతా గోడ వైపు నుంచి వచ్చిన నేల మీదనే నడిచింది. యుద్ధం ముగిసింది. కొన్నవాళ్లు, అమ్ముడుపోయినవాళ్లు చట్టంలో ఒక్కటయ్యారు. వరదప్ప దొర గుర్రపు జీనులు కుట్టే అంగడి మీది గదిలో ప్లీడరుగా కూర్చున్నాడు. కుంటికాలితో మెట్లు ఎక్కే చప్పుడు విని పేదవాళ్లు అతడు వచ్చాడని తెలుసుకొనేవారు. జనం ఆయనను తమ సీమ చట్టసభకు పంపారు. ఒకసారి, మళ్లీ ఒకసారి.

“ఓటంటే మన రామలింగప్పకు ఉండాదే, శిస్తు కట్టినందుకు సర్కారు ఇచ్చిన హక్కు, అది” అని కంబన్న వివరించాడు. రామలింగప్ప ముఖం కొంచెం తేటపడింది. “ఆ దేశంలో, ఆ యుద్ధం తర్వాత, ఎద్దులాగా అమ్ముడుపోయిన శామన్నకూ అదే హక్కు వచ్చింది.”

తేటపడిన ముఖం మళ్లీ మూసుకున్నది. గోడ దగ్గర మాత్రం ఊఁ కొట్టడానికి ఆలస్యమైంది. ఆ మాట నమ్మడానికి వాళ్లకు కొంచెం సమయం పట్టింది.

శామన్న ఓటు వేసివచ్చిన రోజే ఒక ధనికుని గడ్డివామి తగలబడింది. శామన్నే అంటించాడన్నారు. ఏ ప్లీడరూ అతని తరఫున నిలబడలేదు. వరదప్ప దొర కర్ర ఊతతో కచ్చేరి మెట్లు ఎక్కాడు. అబద్ధపు సాక్షులను ఒక్కొక్కరినే, ముల్లు తీసినంత ఓపికగా, ప్రశ్నలతో తీసివేశాడు. శామన్న బతికి బయటపడ్డాడు. దొర గది మెట్లు ఎక్కి వచ్చేవాళ్లు ఆనాటితో తగ్గిపోయారు. వచ్చిన ఎన్నికలో ఓడిపోయాడు. మళ్లీ నిలబడి ఓడిపోయాడు. మిత్రులు వద్దన్నా మరొకసారి నిలబడ్డాడు.

కంబన్న గొంతు ఇక్కడికి గాజుపెంకులా అయింది. పాడలేక చెప్పాడు.

“ఎందుకు నిలబడతాండావు నాయనా అని కూతురు అడిగితే ఆయప్ప ఏమన్నాడంటే, శామన్న ఓటేయడానికి పోతే, వేయడానికి ఒక పేరుండల్ల గదమ్మా అన్నాడంట. ఆసారీ ఓడిపోయినాడు. అంతే. ఆయప్ప కథ ఇంతే.”

తంబురా తీగ చివరిసారి మోగి ఆగింది. వరండాలో డాక్టరమ్మ తల ఎత్తి కూర్చొని ఉన్నది. ఆమె కోరినట్టే జరిగింది.

ఎవరూ లేవలేదు.

పందిరి నీడ సాగి సాగి ఆసుపత్రి గోడను తాకింది. పీట మీద పసుపు ఎండి చిట్లింది. అక్షింతల పళ్లెం నిండుగా అలాగే ఉన్నది. పొద్దు వంక ఆవలి గుట్టల మీదికి వాలుతున్నది. చంటిబిడ్డలు ఏడుస్తున్నారు. అయినా ఊరు ఊరంతా కూర్చొని ఉన్నది. పట్టం కట్టకుండా ఎవరు లేచినా, ఈ ఏడాది కూడా రాని వాన నింద ఆ లేచినవాడి నెత్తి మీద పడుతుంది.

“కంబన్నా” అన్నాడు రామలింగప్ప, చాలా మెల్లగా. “పట్టం.”

టెంకాయ కంబన్న చేతికి అందేంత దూరంలోనే ఉన్నది. చేయి చాచి దాన్ని పీట మీద పెట్టి ఒక్క మాట అంటే చాలు. వరదప్ప దొర దేవుడైపోతాడు, దేవుని కథ అయిపోతుంది, అది ఎవరి గుండెనూ గుచ్చదు. రామలింగప్ప అన్నీ మరిచిపోతాడు. వంక పొడుగునా ఊళ్లు మిగులుతాయి.

డాక్టరమ్మ జ్ఞానరాజును పిలిచి వీళ్లెందుకు లేవడం లేదని అడిగింది. అతడు చెప్పాడు. ఆమె ఆ పీటను చాలాసేపు చూసింది. తరువాత మెట్లు దిగి పందిరి దగ్గరికి వచ్చింది.

“కంబన్నా, నాకు ఇది తెలియదు. నువ్వు నాకిచ్చిన మాట తీరిపోయింది. వీళ్లకు కావలసింది ఇవ్వు. పిల్లలున్నారు, ముసలివాళ్లున్నారు, ఇళ్లకు పోవాలి.”

కంబన్న ఆమెను చూశాడు, పీటను చూశాడు. తరువాత, కథ మొదలైనప్పటి నుంచి ఒక్కసారి కూడా తిప్పని తలను, రాతిగోడ వైపు తిప్పాడు.

“నీ మాట తీరిందమ్మా” అన్నాడు. “వాళ్లది తీరల్యా. ఆయప్ప ఓడిపోయినాడని చెప్తే ఇంతసేపు ఊఁ కొట్టినారు. ఇప్పుడు పట్టం కడితే వాళ్లు కొట్టిన ఊఁ అబద్ధమైతాది.”

“నోరు జాగ్రత్త” అన్నాడు రామలింగప్ప.

“నా నోరు అలిసిపోయిందప్పా. జాగ్రత్త పడే ఓపిక గూడా లేదు.”

అప్పుడు గోడ దగ్గర పుల్లన్న లేవకుండానే, కూర్చున్నచోటి నుంచే అడిగాడు.

“సామీ, ఆ శామన్న ఏమాయె?”

కంబన్న తడబడ్డాడు. ఆ సంగతి డాక్టరమ్మ చెప్పింది. అతడే దాచుకున్నాడు. పాడె మాట కథలో రాకూడదు. వాన కథలో అసలే రాకూడదు. పట్టం ఎగ్గొట్టినవాడికి పాడె చెప్పడానికి భయమేమిటని అతనికే నవ్వు వచ్చింది.

“దొర సచ్చిపోయినపుడు” అన్నాడు, “ఆయప్ప వల్ల సభకు పోయినోళ్లు, ఆయప్పతో యుద్ధం చేసినోళ్లు, శానామంది రాల్యా. వాన పడతాండాదంట ఆ పొద్దు. పాడెకు ముందు పక్క భుజం పట్టినోడు శామన్న. కుంటి దొర ఎక్కే మెట్లున్నాయే, ఆ అంగడి ముందర ఒక్క గడియ ఆపి, మళ్లీ ఎత్తుకొని పోయినాడంట. దించమంటే దించల్యా, భుజం మార్చమంటే మార్చల్యా.”

ముందు భుజం కొడుకుది. లేదా కొడుకంతటివాడిది. అది ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు.

“ఊఁ” అన్నాడు పుల్లన్న.

అతడు లేచి నిలబడ్డాడు. పై గుడ్డ దులుపుకొని భుజాన వేసుకొన్నాడు. అతని వెనుక అతని భార్య మద్దమ్మ, ఆమె వెనుక మిగిలినవాళ్లు, ఒక్కొక్కరే లేచి, గోడ దాటి, మాట లేకుండా వెళ్లిపోయారు. ఎండలో కూర్చున్నవాళ్లు పందిరి కింది వాళ్లకన్న ముందు లేవడం ఆ ఊరు అంతకు ముందు చూడలేదు. చూస్తూనే ఉండిపోయింది. తరువాత మెట్ల మీద ఒక ఆడమనిషి బిడ్డను ఎత్తుకొని లేచింది. ఇంకొకామె లేచింది. కీడు పంచుకొనే వాళ్లు ఇంతమంది ఉన్నప్పుడు ఒక్కొక్కరి వంతుకు ఎంత వస్తుందిలే అన్నట్టు, రైతులు కూడా దులుపుకొని లేచారు.

ఆఖరున రామలింగప్ప లేచాడు. వంగి తన పీట తీసుకొన్నాడు. దాన్ని చంకలో ఇరికించుకొని, ఇంటి వైపు నడిచాడు. పసుపు అతని తెల్ల చొక్కాకు అంటుకున్నది.

కంబన్న గజ్జెలు విప్పబోయి, పట్టం లేకుండా విప్పడం చేతులకు తెలియక, కొంతసేపు ముడుల మీద వేళ్లు పెట్టుకొని కూర్చున్నాడు. ఈరక్క వచ్చి విప్పింది.

“ఆయన బతికి ఉన్నప్పుడు” అన్నది డాక్టరమ్మ, గోడ వైపు చూస్తూ, “ఆయన మాటకు ఇంతమంది ఊఁ అనగా నేను వినలేదు.”

తరువాత లోపలికి వెళ్లింది.

*

వాన రాలేదు. రామలింగప్ప మాట మాత్రం వచ్చింది. రెండో రోజుకే వంక పొడుగునా పాకింది. పై ఊరిలో జాతరకు ఒప్పుకున్న కథ వద్దన్నారు. ఆ పై ఊరిలో గుక్కెడు నీళ్లు ఇచ్చి, కథ సంగతి మాత్రం ఎత్తలేదు. డాక్టరమ్మ బండి కర్నూలు దారి పట్టిన ఉదయం కంబన్నా ఈరక్కా ఊరి పొలిమేర వరకు వెంట నడిచి, ఆగిపోయారు. బండి ధూళిలో కలిసిపోయిన తరువాత, వాళ్లకు ఎటు పోవాలో తెలియక, ఒక రాతి గుండు మీద కూర్చున్నారు.

“ఒంటిమిట్టకు పోదామా?” అన్నది ఈరక్క.

“తిరునాళ్లకు ఇంకా శానా దినాలుండాయి.”

“మరి?”

“కూసోనీ కొంచెంసేపు.”

దిగువన గేరి వైపు నుంచి పుల్లన్న వస్తున్నాడు. దారికి ఒక పక్కగా, ఎప్పటిలాగే దూరంగా నిలబడ్డాడు. చాలాసేపు తన చేతులనే చూసుకొన్నాడు.

“సామీ, మా గేరిలో చెప్తావా?”

కంబన్న తలెత్తాడు. అతని తండ్రి గాని, తాత గాని గేరిలో గజ్జె కట్టలేదు. ఎవరూ రమ్మనలేదు, రమ్మనడానికి వాళ్లకు నోరు రాలేదు.

“గొంతు లేదప్పా పుల్లన్నా. నాలుగు దినాలుగా అది నాది గాదు.”

“రేపు చెప్పు. మర్నాడు చెప్పు. మేం యాడికి పోతాం?”

“ఏ కథ కావల్ల?”

“అదే. ఓడిపోయినాయప్పది.”

కంబన్న ఈరక్కను చూశాడు. ఆమె ఎటూ చూడకుండా గుమ్మెట తాళ్లు బిగిస్తున్నది.

“పీట ఉండాదా మీ తావ?” అని అడిగాడు.

పుల్లన్న ముఖం వాడిపోయింది. “పీట యాడిది సామీ మాకు? చాపే లేదు. గోనె పరుస్తాం.”

“మంచిదే” అన్నాడు కంబన్న.

మోకాళ్ల మీద చేతులానించి, నొప్పికి ఒక్క క్షణం కళ్లు మూసుకొని, లేచాడు. ఈరక్క గుమ్మెటను ఒక చంక నుంచి ఇంకొక చంకకు మార్చుకొని, అతనికన్న ముందే దిగువ దారి పట్టింది.